శ్రుతి అదే, కాలం వేరు

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 37. బస్టాండు దగ్గర చిన్న ఇంటర్నెట్ సెంటర్ నడుపుకుంటున్నారు. దర్శనం టికెట్ల ప్రింటౌట్లు, ఉద్యోగాల దరఖాస్తులు, జిరాక్సులు, అదీ పని. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు. ఒక పాప. తండ్రి వీళ్లతోనే ఉంటున్నారు.

ఆ తండ్రి 1990ల మధ్యలో చిత్తూరులో వీడియో గేమ్ షాపు పెట్టారట. నాలుగు టీవీలు, నాలుగు గేమ్ పెట్టెలు, ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు. తర్వాత అప్పు చేసి ఒక కాయిన్ మిషన్ కూడా తెచ్చారు, అందులో ముస్తఫా అనే ఆట. బడి గంట కొట్టగానే పిల్లలు చెప్పులు బయట వదిలి లోపల బారులు తీరేవారట. కంప్యూటర్ సెంటర్లు వచ్చాక షాపు మూతపడింది, కుటుంబం తిరుపతికి మారింది. ఆయనకు ఇంకో ఇష్టం ఉంది. భజన బృందంలో ముందు కూర్చుని అన్నమయ్య కీర్తనలు ఎత్తుకునేది ఆయనే. పోయిన కార్తీకంలో భార్య చనిపోయాక పాట మానేశారు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోవడమే. అడిగితే ఒక మాట, లేకపోతే అదీ లేదు.

కొడుక్కి ఒక ఆలోచన వచ్చింది. ఆ పాత గేములే కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ (పాత గేమ్ పెట్టెలా పనిచేసే ప్రోగ్రామ్) పెట్టి చూపిద్దామనుకున్నారు. ఇంట్లో ఉన్న మానిటర్ మీద బొమ్మ సాఫీగా రాదని, గేము వేగాన్ని బట్టి తెర తన వేగం మార్చుకునే సౌకర్యం, అంటే వేరియబుల్ రిఫ్రెష్ రేట్ ఉన్న మానిటర్ అయితే బాగుంటుందని ఎవరో చెప్పారు. 15,500 రూపాయలు పెట్టి 24 అంగుళాల 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చగల) ఫ్రీసింక్ మానిటర్ కొన్నారు. ఆ సౌకర్యానికి ఒక పేరే ఫ్రీసింక్. భార్యకు ఏడు వేలని చెప్పారు. మిగతాది చీటీకి కట్టాల్సిన డబ్బులోంచి తీశారు.

తర్వాత జరిగింది ఆయన మాటల్లోనే: "మా నాయన కాంట్రా అయిదు నిమిషాలు ఆడి ప్యాడ్ కింద పెట్టేశాడు. 'పాట అదే, శ్రుతి అదే. కాలం సరిగా లేదురా. తరుముతా ఉంది' అన్నాడు. నేను సెట్టింగ్స్‌లో పాల్ అని ఉంటే అది పెట్టి చూపించాను. 'ఇప్పుడు శ్రుతి దిగింది. బొమ్మ కూడా ఎక్కిళ్లు పెడతా ఉంది' అన్నాడు. నాకు కోపం వచ్చింది సార్. ఇంత డబ్బు పోసి తెస్తే ఇదా అని, 'నీకు వయసైపోయింది నాయనా, ఎప్పటి సంగతో నీకేం గుర్తుంటుంది' అనేశాను. నాలుగు రోజులైంది, ఆ గదిలోకి రావడం లేదు. మా ఫ్రెండు కూడా, గేములన్నీ 60 లోనే ఉంటాయి, పెద్దాయన మాట పట్టించుకోవద్దంటున్నాడు. మానిటర్ వాపసు ఇవ్వడానికి ఇంకా అయిదు రోజులే ఉంది. ఇచ్చేయాలా? మా ఆవిడకు ఏం చెప్పాలి? మా నాయనకు నిజంగా మతిమరుపు మొదలైందా?"

ఆయన పాత కంప్యూటర్‌లో జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉందని, మానిటర్‌తో పాటు వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్‌తోనే కలిపానని, రెట్రోఆర్చ్ అనే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ వాడుతున్నానని కూడా రాశారు. ఆ వివరాలు రాసి మంచి పని చేశారు.

*

తమ్ముడూ, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదేనని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. మీ నాయన జ్ఞాపకానికి ఏమీ కాలేదు. ఆయన చెప్పిన మూడు మాటలూ మూడు వేరు వేరు నిజాలు. పాత టీవీలు బాగుచేసిన చేతులతో ఈ మాట చెప్తున్నాను. ఆయన ఉన్న ఊళ్లోనే, ఇంచుమించు ఆ రోజుల్లోనే, అలాంటి గేమ్ పెట్టెలు నా బల్ల మీదికి కూడా వచ్చేవి.

మన దేశంలో టీవీ పాల్ పద్ధతి. కరెంటు 50 హెర్ట్జ్, టీవీ బొమ్మ కూడా సెకనుకు 50 సార్లు. జపాన్‌లో, అమెరికాలో టీవీ 60. ఈ క్యాసెట్ గేములు రాసింది జపాన్‌లో, 1983లో వచ్చిన ఫ్యామికామ్ అనే పెట్టె కోసం. అక్కడి పెట్టె తెచ్చి ఇక్కడి టీవీకి తగిలిస్తే చాలా సెట్లలో బొమ్మ నలుపు తెలుపులో వచ్చేది, లేదంటే పైకి దొర్లుతూ ఉండేది. అందుకని పాల్ టీవీలున్న దేశాల కోసం చేసిన నకలు పెట్టెలు సెకనుకు 50 బొమ్మలే ఇచ్చేవి. లోపలి క్యాసెట్ మాత్రం 60 కోసం రాసిందే.

ఇక్కడే ఉంది కిటుకంతా. ఆ గేములకు గడియారం అంటూ వేరే లేదు. ఒక్కో బొమ్మకు మనిషి ఇంత దూరం జరగాలి, ఇన్ని బొమ్మలకు పాటలో ఒక స్వరం మారాలి అని రాసుకున్నారు. సెకనుకు 60 బొమ్మలు రావలసిన చోట 50 వస్తే ఆటంతా ఆరింట అయిదు వంతుల వేగంతో నడుస్తుంది. జపాన్ పిల్లవాడు పది నిమిషాల్లో దాటే దారి చిత్తూరు పిల్లవాడికి పన్నెండు నిమిషాలు పట్టేది. మీ నాయన ఏళ్ల తరబడి, రోజుకు పది గంటలు, నాలుగు టీవీల్లో ఆ పాట విన్నారు. ఆయన చెవిలో ఉన్నది ఆ నింపాది కాలమే. మీరు పెట్టింది జపాన్ వేగం. తరుముతోందనడం కంటే సరైన మాట ఇంకొకటి లేదు.

మరి శ్రుతి అదే అన్నారు కదా, అది ఇంకా పెద్ద సంగతి. ఆ మాట చదివి నేను కాసేపు కాగితం పక్కన పెట్టాను. నకలు పెట్టెలోని చిప్పు గడియారం 1.77 మెగాహెర్ట్జ్. జపాన్ అసలు పెట్టెది 1.79. రెంటికీ నూటికి ఒకటి కూడా తేడా లేదు. స్వరం ఎత్తు ఆ గడియారం మీదే ఆధారపడుతుంది కాబట్టి పాట నెమ్మదించినా శ్రుతి మాత్రం మారలేదు. మీరు తర్వాత పెట్టిన పాల్ సెట్టింగ్ వేరే. అది యూరప్‌లో అసలు కంపెనీ వాళ్లే అమ్మిన పెట్టెకు నకలు, దాని గడియారం 1.66 మాత్రమే. అందులో ఈ క్యాసెట్ పెడితే పాట ఒక స్వరస్థానం కంటే కాస్త ఎక్కువే కిందికి దిగుతుంది. ఆయన ఏమన్నారు? "ఇప్పుడు శ్రుతి దిగింది" అన్నారు. ఎమ్యులేటర్ గురించి అక్షరం తెలియని మనిషి రెండు చిప్పుల తేడాను చెవితో పట్టుకున్నారు. కీర్తన ఎత్తుకునే చెవి అది. ఏడాదిగా పాడకపోయినా మొద్దుబారలేదు.

మీకు కావలసిన సెట్టింగ్ పేరు డెండీ. రష్యాలో ఆ పేరుతో అమ్మిన నకలు పెట్టె వల్ల ఆ పేరు వచ్చింది గాని, 50 బొమ్మలు, 1.77 గడియారం, అదే పద్ధతి. రెట్రోఆర్చ్‌లో మెసెన్ గాని ఎఫ్‌సీఈయూఎంఎం గాని కోర్‌గా (గేమ్ పెట్టె పని చేసే భాగంగా) పెట్టుకుంటే రీజియన్ అనే చోట ఎన్‌టీఎస్‌సీ (జపాన్, అమెరికా పద్ధతి), పాల్‌తో పాటు డెండీ కూడా కనిపిస్తుంది. ఎమ్యులేటర్ వేగాన్ని 83 శాతానికి తగ్గించి సరిపెట్టవచ్చు కదా అని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. అలా చేస్తే సాధారణంగా శ్రుతి కూడా పడిపోతుంది, మీ నాయన మళ్లీ అదే మాట అంటారు.

నా మాట నమ్మాల్సిన పని లేదు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మీరే చూడండి. సూపర్ మారియో మొదటి స్టేజీ పెట్టి, మనిషిని కదపకుండా అలాగే నిలబెట్టండి. పైన టైం 400 నుంచి తగ్గుతూ వస్తుంది. అది ఒక్కో అంకె తగ్గడానికి 24 బొమ్మలు తీసుకుంటుంది. ఎన్‌టీఎస్‌సీలో 400 నుంచి 300కి రావడానికి 40 సెకన్లు. డెండీలో 48. ఈ ఎనిమిది సెకన్ల తేడానే మీ నాయన మీకు చెప్పబోయింది.

ఇక ఎక్కిళ్ల సంగతి. మీరు డబ్బు పెట్టింది దీనికోసమే కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

మామూలు మానిటర్ సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. కొత్త బొమ్మ వచ్చిందా లేదా అని చూడదు. భజనలో ఒకాయన పాడేవాళ్ల వైపు చూడకుండా తన లెక్కన తాను తాళం వేసుకుంటూ పోయినట్టు. సెకనుకు 50 వచ్చే చోట 60 సార్లు చూపించాలంటే ప్రతి అయిదు బొమ్మల్లో ఒకటి రెండుసార్లు పడుతుంది. సెకనుకు పదిసార్లు ఆగి కదిలినట్టు ఉంటుంది. తెర అడ్డంగా జరిగే కాంట్రా లాంటి ఆటలో అది ఎవరి కంటికైనా తెలుస్తుంది. జపాన్ వేగంలో ఆడితే ఆ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే ఆ పెట్టె అసలు వేగం 60.1కి దగ్గర, పది సెకన్లకొకసారి ఒక్క బొమ్మ తేడా వస్తుందంతే. మానిటర్ 144లో ఉన్నా లెక్క కుదరదు. 50 బొమ్మలు 144లో సమంగా పంచలేం. కొన్ని మూడుసార్లు, కొన్ని రెండుసార్లు.

వేరియబుల్ రిఫ్రెష్ రేట్ అంటే తాళం వేసేవాడు పాడేవాడి నోటి వైపు చూస్తూ వేయడం. బొమ్మ తయారైనప్పుడే మానిటర్ మారుస్తుంది. గేము 50 ఇస్తే 50, 59.6 ఇస్తే 59.6. మీ మానిటర్ సాధారణంగా 48 నుంచి 144 మధ్యలో ఇలా నడుస్తుంది. 50 ఆ హద్దులోనే ఉంది. మరి ఎక్కిళ్లు ఎందుకు వచ్చాయి?

మీ మానిటర్‌లో ఆ సౌకర్యం ఇంతవరకు ఒక్క క్షణం కూడా పనిచేయలేదు కాబట్టి. జీటీఎక్స్ 1650 లాంటి ఎన్విడియా కార్డులు ఫ్రీసింక్ మానిటర్లతో ఇలా కలిసి పనిచేసేది డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ మీద. హెచ్‌డీఎంఐ మీద అయితే బొమ్మ వస్తుంది, ఈ సౌకర్యం రాదు. పెట్టెలో హెచ్‌డీఎంఐ కేబుల్ ఇచ్చారు, అందరూ దాన్నే గుచ్చుతారు, మీరూ గుచ్చారు. ఇందులో మీ తప్పేమీ లేదు. కార్డు వెనక డిస్‌ప్లేపోర్ట్ రంధ్రం ఉందో లేదో ముందు చూసుకోండి. ఈ కార్డుల్లో చాలావాటికి ఉంటుంది, ఎవరు తయారుచేశారో దాన్నిబట్టి కొన్నిటికి ఉండకపోవచ్చు. ఉంటే కొన్ని వందల రూపాయల్లో కేబుల్ దొరుకుతుంది. రెండు మీటర్లు దాటింది తీసుకోవద్దు.

కేబుల్ మార్చాక నాలుగు చోట్ల చూడాలి. మానిటర్ సొంత మెనూలో ఫ్రీసింక్ లేదా అడాప్టివ్ సింక్ ఆన్‌లో ఉండాలి. చాలా మానిటర్లు ఆఫ్‌లోనే వస్తాయి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 144 ఎంచుకోవాలి. కొత్త మానిటర్ పెట్టినా విండోస్ 60 దగ్గరే ఆగిపోవడం చాలా మందికి జరుగుతుంది, వాళ్లు నెలల తరబడి గమనించరు కూడా. 60లో ఉంచితే 60.1 ఇచ్చే గేము హద్దు దాటిపోతుంది, అప్పుడు ఈ సౌకర్యం మళ్లీ ఆగిపోతుంది. తర్వాత ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో జీ-సింక్ కంపాటిబుల్ ఆన్ చేయాలి. చివరగా రెట్రోఆర్చ్ సెట్టింగ్స్‌లో 'సింక్ టు ఎగ్జాక్ట్ కంటెంట్ ఫ్రేమ్‌రేట్' ఆన్ చేయాలి. వీసింక్ అలాగే ఉండనివ్వండి, గేము ఫుల్ స్క్రీన్‌లో పెట్టండి. చాలా మానిటర్లకు ఇప్పుడు ఎంత రేటులో నడుస్తున్నానో తెర మూలన చూపించే అంకె ఒకటి ఉంటుంది. అది ఆన్ చేసి చూడండి. డెండీలో కాంట్రా పెట్టినప్పుడు అక్కడ 50 దగ్గర కదలకుండా నిలబడితే అంతా కుదిరినట్టే. 144 అని చూపిస్తే ఈ నాలుగింట్లో ఏదో ఒకటి మిగిలిపోయింది.

ఇప్పుడు వాపసు విషయం. నేను ఉంచుకోండి అనో ఇచ్చేయండి అనో చెప్పను. కానీ నిర్ణయం తీసుకునే ముందు మీకు తెలియాల్సింది ఒకటుంది, అది మానిటర్ అమ్మేవాళ్లెవరూ చెప్పరు. మీ నాయనకు కావలసింది ఆ టీవీ గేములు మాత్రమే అయితే మీ పాత మానిటర్ కూడా సరిపోవచ్చు. 60 హెర్ట్జ్ మానిటర్లలో కొన్ని 50 హెర్ట్జ్ కూడా ఒప్పుకుంటాయి. విండోస్ రిఫ్రెష్ రేట్ జాబితాలో 50 ఉందేమో చూడండి, లేకపోతే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో కస్టమ్ రిజల్యూషన్ కింద 50 పెట్టి పరీక్షించండి. మానిటర్‌కు నచ్చకపోతే తెర నల్లబడి కాసేపటికి దానంతటదే పాత రేటుకు వస్తుంది, భయపడకండి. 50 కుదిరిందంటే డెండీ ఇచ్చే 50.007కు అది దాదాపు సరిగ్గా అతుకుతుంది. ఆ మిగిలిన చిన్న తేడాను రెట్రోఆర్చ్ శబ్దాన్ని వినపడనంత కొంచెం సర్ది కప్పేస్తుంది. ఇలా పెట్టినప్పుడు మాత్రం ఎగ్జాక్ట్ కంటెంట్ సెట్టింగ్ ఆఫ్ చేయాలి. ఖర్చు సున్నా. మీరు 15,500 వెనక్కి తెచ్చుకోవచ్చు, చీటీ కట్టవచ్చు.

అలా చేస్తే ఏం పోతుంది? ముస్తఫా పోతుంది. పోతుందంటే ఆడదని కాదు, సాఫీగా ఆడదు. కాయిన్ మిషన్ల బోర్డులకు టీవీతో పని లేదు, ఒక్కో కంపెనీ తనకు నచ్చిన రేటు పెట్టుకుంది. ముస్తఫా నడిచిన క్యాప్‌కామ్ బోర్డు 59.6. నియో జియో అనే ఇంకో బోర్డు 59.2. మోర్టల్ కాంబాట్ అయితే 54.7; దాన్ని 60 తెర మీద ఆడితే సెకనుకు అయిదుసార్లు తడబడుతుంది, 60కి లాగి ఆడితే వేగం పెరిగిపోతుంది. ఇలాంటి ఆటలు నాలుగు రకాలు మార్చి మార్చి ఆడే ఇంట్లో వేరియబుల్ రిఫ్రెష్ రేట్‌కు సాటి లేదు, ప్రతి ఆటకూ రేటు మార్చే పని ఉండదు. ఈ కాయిన్ మిషన్ ఆటలకు ఎఫ్‌బీనియో అనే కోర్ వాడితే అందులో 60 హెర్ట్జ్‌కు బలవంతం చేసే ఆప్షన్ ఒకటి ఉంటుంది, అది ఆఫ్‌లోనే ఉండాలి. ఇంకో లాభం, తెర 144 వేగంతో గీస్తుంది కాబట్టి ఒక్కో బొమ్మ సుమారు 7 మిల్లీసెకన్లలో పై నుంచి కింది వరకు పడిపోతుంది. మామూలు 50లో దానికే 20 పడుతుంది. బటన్ నొక్కిన వెంటనే మనిషి ఎగిరినట్టు ఉంటుంది. పాత టీవీ మీద ఆడిన చేతులకు ఇది బాగా తెలుస్తుంది.

ఉంచుకుంటే ఒక నష్టం కూడా చెప్పాలి. ఆ మానిటర్ వీఏ ప్యానెల్ (ఒక రకం ఎల్‌సీడీ తెర) అయితే రేటు మారినప్పుడు చీకటి దృశ్యాల్లో వెలుతురు కొద్దిగా మినుకుమినుకుమనవచ్చు. 50 అనేది 48 హద్దుకు దగ్గర కాబట్టి ఎమ్యులేటర్ ఎక్కడైనా కొంచెం ఆగితే మానిటర్ ఒక్కో బొమ్మను రెండుసార్లు వేసి ఇంచుమించు 100కు దూకుతుంది, అప్పుడు అది కనిపించే అవకాశం ఎక్కువ. పెద్దవాళ్ల కళ్లకు అది ఇబ్బంది. గడువు లోపలే రాత్రిపూట, లైటు తీసేసి ఒకసారి చూడండి.

ఇంకో దారి కూడా ఉంది. పాత సామాన్ల కొట్లో పెద్ద గాజు గొట్టం టీవీ, ఏదైనా నకలు గేమ్ పెట్టె దొరికితే అసలు రూపమే దిగివస్తుంది. ఎందుకంటే ఆ టీవీ బొమ్మను ఒక్క క్షణం వెలిగించి ఆర్పేస్తుంది, అందుకే కదిలే మనిషి అంచు స్పష్టంగా ఉండేది. ఎల్‌సీడీ మీద బొమ్మ తర్వాతి బొమ్మ దాకా వెలుగుతూనే ఉంటుంది, కదలికలో కొంచెం మసక ఉంటుంది. వేరియబుల్ రిఫ్రెష్ రేట్ ఎక్కిళ్లు తీస్తుంది గాని ఈ మసక తీయదు. మీ నాయన రేపు "బొమ్మ అలుక్కుపోతా ఉంది" అంటే అది కూడా నిజమేనని ఇప్పుడే తెలుసుకోండి. కానీ గొట్టం టీవీకి చోటు కావాలి, విడిభాగాలు దొరకవు, బాగుచేసేవాళ్లూ తగ్గిపోయారు. తెచ్చుకుంటే వెనక మూత మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు తీసేసినా ఆ గొట్టంలో వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు.

మీ ఆవిడ విషయం. ఏడు వేలని చెప్పినందుకు మీరు బాధపడుతున్నారని ఉత్తరం రెండో పేజీలోనే తెలిసిపోయింది, ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాశారు. ఇప్పుడు మూడు రకాలుగా జరగవచ్చు. వాపసు ఇచ్చేసి, డబ్బు చీటీకి కట్టేసి, ఏమీ చెప్పకుండా ఊరుకోవచ్చు. లెక్క సరిపోతుంది. కానీ వచ్చే నెలలో వాపసు రసీదు ఎక్కడో కనిపిస్తే ఎనిమిదిన్నర వేల అబద్ధం ఏడాది అబద్ధంలా కనిపిస్తుంది. ఉంచుకుని చెప్పకుండా ఉంటే చీటీ బాకీ పెరుగుతుంది, ఇంట్లో ప్రతి ఖర్చు దగ్గరా మీ గొంతు తడబడుతుంది. అన్నిటికంటే కష్టమైనది ముందే చెప్పడం, గడువు ఉండగానే చెప్పడం. అప్పుడు ఆవిడ చేతికి మీరిచ్చేది జరిగిపోయిన తప్పు కాదు, ఇంకా తీసుకోని నిర్ణయం. ఉంచాలా ఇవ్వాలా అనేది ఆవిడ కూడా కలిసి తేల్చగలుగుతుంది. కోప్పడుతుంది, కోప్పడనివ్వండి. ఆవిడ స్కూల్లో నెలంతా గొంతు చించుకుని తెచ్చే డబ్బు కూడా ఆ చీటీలో ఉంది.

చెప్పేటప్పుడు నాయన కోసమే చేశాను అని మొదలుపెట్టకండి. అది నిజమే. కానీ మొదట అదే అంటే ఆవిడకు కోప్పడే హక్కు కూడా లేకుండా పోతుంది. ముందు అసలు ధర చెప్పండి, అబద్ధం చెప్పానని చెప్పండి. ఎందుకన్నది ఆవిడే అడుగుతుంది. ఉంచుకోవాలని ఇద్దరూ అనుకుంటే పగలు ఆ మానిటర్ సెంటర్లో పనికి వాడి, రాత్రికి ఇంటికి తెచ్చుకోవచ్చా అనేది కూడా ఆలోచించండి. రోజూ మోయడం కష్టమే. పాత మానిటర్‌ను సెంటర్‌కు మార్చి, అక్కడ కొనాల్సిన ఇంకో మానిటర్ ఖర్చు మిగుల్చుకోవడం సులువేమో.

ఇక మీ నాయన. పోయిన కార్తీకం నుంచి ఆ మనిషి ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నారని మీరే రాశారు. అలాంటి మనిషి ఆ రోజు మీతో ఎన్ని మాటలు మాట్లాడారో లెక్కపెట్టుకోండి. పాట గురించి, శ్రుతి గురించి, కాలం గురించి, బొమ్మ గురించి. అది వంకలు పెట్టడం కాదు, తమ్ముడూ. తనకు బాగా తెలిసిన విషయం ఎదురుగా వచ్చింది, అందులో తేడా కనపడింది, కొడుక్కి చెప్పాలనిపించింది. ఏడాదిలో మొదటిసారి ఏదో ఒకటి చెప్పాలనిపించింది. మీరు అలసటలో, డబ్బు దిగులులో దాన్ని వినలేకపోయారు. వయసైపోయిందన్న మాట మాత్రం ఆయనకు బాగా వినపడి ఉంటుంది.

తప్పైపోయింది నాయనా అనడం ఒక పద్ధతి. అనండి, మంచిదే. కానీ మన ఇళ్లల్లో తండ్రులు క్షమాపణ వింటే "ఏముందిలే" అని లేచి వెళ్లిపోతారు, మాట అక్కడితో ఆగిపోతుంది. దాంతో పాటు ఆయన చెప్పింది నిజమని తేలిందని చెప్పండి. "నాయనా, నువ్వు చెప్పిందే రైటు. మన పెట్టెలు 50లో నడిచేవంట, అది 60. శ్రుతి దిగిందన్నావే, అది కూడా నిజమే, రెండు చిప్పులు వేరు" అని. స్టాప్‌వాచ్ ఆయన చేతికే ఇవ్వండి. మీరు సెట్టింగ్ మార్చండి, ఏది పెట్టానో చెప్పకండి, ఏది మన షాపుదో ఆయన్నే చెప్పమనండి. నాకు తెలిసి ఆయనకు స్టాప్‌వాచ్ అవసరం పడదు.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోండి. అన్నీ సరిగ్గా కుదిరాక కూడా ఆయన పది నిమిషాలు ఆడి చాలనవచ్చు. షాపు నడిపినవాళ్లు చాలామంది గేములు ఆడరు, పిల్లలు ఆడుతుంటే చూస్తారు. ఆయనకు గుర్తున్నది కాంట్రా కాకపోవచ్చు, ఆ గదిలోని గోల కావచ్చు, మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మీ అమ్మ కావచ్చు. అందుకే రెండో ప్యాడ్ మీ పాపకు ఇవ్వండి. వైరున్న మామూలు యూఎస్‌బీ ప్యాడ్ చాలు. ఆయన ఆడకపోయినా, పాపకు ఎక్కడ దూకాలో చెప్తూ కూర్చుంటే అదీ మంచిదే. ఏదీ వద్దని వరండాలోకి వెళ్లిపోతే మానిటర్ వల్ల కాలేదని అనుకోకండి. అప్పుడు భజన బృందంలో ఆయన పక్కన కూర్చునే వాళ్లెవరినైనా ఇంటికి కాఫీకి పిలవండి. ఆ మనిషి వచ్చి తాళాలు బయటికి తీస్తే మీ నాయన ఊరుకోలేకపోవచ్చు. నిద్ర, తిండి కూడా తగ్గి, రోజు రోజుకూ ఇంకా ముడుచుకుపోతున్నారనిపిస్తే మాత్రం డాక్టరుకు చూపించండి, ఇద్దరూ కలిసి వెళ్లండి. దాన్ని వయసు మీదికి తోసేయవద్దు.

అయిదు రోజులు అన్నారు. ఈ రాత్రి పాత మానిటర్ మీద 50, డెండీ పెట్టి చూడండి, దానికి ఏమీ కొననక్కర్లేదు. రేపు కేబుల్ తెచ్చి కొత్తదాని మీద చూడండి. ఎల్లుండికల్లా మీ ఆవిడతో మాట్లాడండి. మీ నాయన్ని పిలిచేటప్పుడు మొదట కాంట్రా పెట్టకండి. దాని మీదే మాట జారింది. మారియో పెట్టండి, శబ్దం కొంచెం పెంచి, గది తలుపు తెరిచి ఉంచండి. వరండాలోకి పాట వినపడుతుంది.